గుమ్మంలో అడిగిన పేరు

యంత్రాలకు తెలుగు నేర్పడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే చుట్టాలెవరూ వెంటనే నమ్మరు. "అంటే టీచరువా?" అంటారు. ఇంచుమించు అలాంటిదే. కాకపోతే నా విద్యార్థులకు కాళ్ళూ చేతులూ ఉండవు, నిలువెత్తు పెట్టె, దానికో అద్దపు ముఖం ఉంటాయి. ఆస్పత్రుల్లో, హోటళ్ళలో, సినిమా హాళ్ళలో గుమ్మం పక్కనే నిలబడి ఉంటాయే, తెర మీద వేలు పెడితే టోకెను ఇస్తాయి, బిల్లు ఇస్తాయి, ఏ గదికి వెళ్ళాలో చెబుతాయి, అవి. వాటి తెర మీద కనబడే తెలుగు ముక్కలూ, వాటి నోట వినబడే మాటలూ రాసేది నేను. సికింద్రాబాదులో ఒక బేకరీ మీదున్న మేడలో మా ఆఫీసు. పొద్దున్నుంచీ కింద బన్నులు కాలుతున్న వాసన వస్తూ ఉంటుంది. నేను కంప్యూటరు ముందు కూర్చుని, ఇంగ్లీషు నుంచి వచ్చిన వాక్యాన్ని పట్టుకుని, దీన్ని మనవాళ్ళెవరైనా ఇలా అంటారా అని నాలో నేను గొణుక్కుంటూ ఉంటాను.

నేను చేరేనాటికి ఆ పెట్టెల తెలుగు వింటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. వివరాలన్నీ నింపాక చివర నొక్కాల్సిన చోట "సమర్పించు" అని ఉండేది. సమర్పించడం మనం దేవుడి ముందు చేసే పని. తిరుమలగిరిలో మేము పెట్టెలు పెట్టిన ఆస్పత్రిలో ఒక పెద్దావిడ ఆ మాట కూడబలుక్కుని చదివి, సంచిలోంచి అరటిపండు తీసి తెర కింద అంచు మీద పెట్టి, దండం పెట్టుకుని నిలబడింది. అదే రోజు ఇంకొకాయన "వెనుకకు" అన్న మాట చూసి బుద్ధిగా వెనక్కి అడుగు వేశాడు. వెనకున్నావిడ కాలు తొక్కాడు. ఆవిడ తిట్టిన తిట్లు మా పెట్టెకు నేర్పినవి కావు. ఆ రెండు మాటలూ మార్చేదాకా నాకు నిద్ర పట్టలేదు. "సమర్పించు" పోయి "అయిపోయింది" వచ్చింది. "వెనుకకు" పోయి "ఇంతకుముందు పేజీ" వచ్చింది.

ఒకరి తప్పులు దిద్దుతున్నానని నేను మురిసిపోతుండగా, నేను స్వయంగా రాసిన వాక్యం ఒకటి నా నెత్తికి చుట్టుకుంది. తెర ముందు నిలబడ్డ మనిషి కాసేపు ఏమీ నొక్కకపోతే, ఉన్నాడో వెళ్ళిపోయాడో తెలుసుకోవడానికి పెట్టె అడగాలి. నిక్షేపంలాంటి తెలుగనుకుని రాశాను: "మీరు ఇంకా ఉన్నారా?" సైనిక్‌పురి నుంచి అదే ఆస్పత్రికి వచ్చిన ఒక రిటైర్డు సిపాయి పెద్దాయన జేబులో కళ్ళజోడు వెతుక్కుంటున్నాడట. పెట్టె చల్లగా ఆ మాట అడిగింది. ఆయన అక్కడ సాయానికి నిలబెట్టిన ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఏందమ్మా ఇది, ఆస్పత్రిల అడుగు పెట్టంగనే ఇంకా ఉన్నరా అని అడుగుతుంది? పోయిననుకుందా?" అని నిలదీశాడు.

మా మేనేజరు నవ్వీ నవ్వీ, దాన్ని మార్చమన్నాడు. మారుద్దామనే కూర్చున్నాను. ఒకటి రాస్తే పుస్తకంలా ఉంది, ఇంకొకటి రాస్తే గద్దించినట్టుంది. ఈలోగా పాత వాక్యమే ఆ ఆస్పత్రి పెట్టెల్లో అలాగే ఉండిపోయింది. అది ఉండిపోవడం గురించే ఇదంతా రాస్తున్నాను.

నవ్వులాట ఎలా ఉన్నా, ఆ పెట్టెలంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. పెట్టెలో ఉన్న గొంతు ఏ మనిషిదీ కాదు. నేను అక్షరాలు రాసి ఇస్తాను, అది పలుకుతుంది. మొదటిసారి నా వాక్యాన్ని అది "రండి, కూర్చోండి, మీ వంతు రాగానే పిలుస్తాను" అని మన పక్కింటావిడ అన్నట్టు అన్నప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. దానికి పరిచయం లేని పేరు రాసి చూశాను. అదీ పలికింది. దీర్ఘాలు, ఒత్తులు, చివర "గారు", ఏదీ వదలలేదు. ఊపిరి లేనిది ఒక మనిషిని పేరు పెట్టి అంత మర్యాదగా పిలవడం చూసి ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

ఇంటికొచ్చి ఈ కబుర్లన్నీ మా అత్తయ్యకు చెప్పేదాన్ని. మా అత్తవారిది శ్రీకాకుళం వైపు. మావయ్యకు ఇక్కడ రైల్వేలో ఉద్యోగం రావడంతో పెళ్ళయిన కొత్తలోనే వచ్చేశారు. మౌలాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పెళ్ళయ్యాక నేనూ ఆ ఇంటికే వచ్చాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా అత్తయ్య మాటలో "ఏటి" పోలేదు. కూరల బండివాడు "ఏందమ్మా" అంటే ఈవిడ "ఏటి బాబూ" అంటుంది. ఇద్దరికీ బేరం కుదురుతుంది.

అత్తయ్యకు ఒక పట్టింపు ఉంది. భర్త పేరు నోటితో పలకదు. ఆవిడ తరంలో అది మామూలే గానీ ఈవిడది మరీ గట్టి పట్టు. మావయ్యది ఒక దేవుడి పేరు. గుళ్ళో అందరూ ఆ దేవుణ్ణి పేరు పెట్టి మొక్కుతుంటే ఈవిడ "స్వామీ" అని ఊరుకుంటుంది. రేషను షాపులోనైనా, బ్యాంకులోనైనా, ఆయన పేరేమిటని ఎవరైనా అడిగితే పక్కనున్న మావైపు చూస్తుంది. మేమెవరం లేకపోతే, ఏ కొండ మీద ఏ దేవుడో గుర్తులు చెప్పి ఎదుటివాళ్ళ చేతే అనిపిస్తుంది. నేను మా ఆయన్ని పేరు పెట్టి కేకేసినప్పుడల్లా, "బావుంటాది మీ పని, స్కూల్లో పిల్లోణ్ణి పిలిచినట్టు" అని ముసిముసిగా నవ్వేది.

"ఒక్కసారైనా అనలేదా అత్తయ్యా?" అని అడిగానొకసారి.

"అనకేం, పెళ్ళినాడు అన్నాను. గుమ్మంలో ఆడపడుచులు అడ్డం పడి, పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వం అన్నారు కదా. చీకటి పడిపోతంది, ఆకలి. ఏటి చేస్తాను, చెప్పీసేను. అంతే, మరి లేదు."

వధూవరుల చేత గుమ్మంలో పేర్లు చెప్పించడం మనకందరికీ ఉన్న వేడుకే. మేమూ చెప్పాం, నవ్వుకున్నాం. కానీ అత్తయ్యకు వాళ్ళమ్మ ముందుగానే చెప్పి పంపిందట, ఆ గుమ్మంలో తప్పదు గానీ ఆ తర్వాత మాత్రం పలకొద్దని. పెళ్ళాం పేరు పెట్టి పిలిస్తే మగడికి ఆయుష్షు తరుగుతుందని. అత్తయ్య ఆ మాట నమ్మింది. నవ్వుతూనే చెప్పినా, నమ్మిందని నాకు తెలుసు.

పేరు లేకపోయినా వాళ్ళకు పిలుపులకేమీ లోటు ఉండేది కాదు. ఈవిడ వంటింట్లోంచి "ఏవండీ" అనేది. ఆయన వరండాలోంచి "ఏటే" అనేవారు. అంతే సంభాషణ. తర్వాత ఏమీ ఉండేది కాదు చాలాసార్లు. ఉన్నారా అని ఈవిడ అడిగినట్టు, ఉన్నానని ఆయన చెప్పినట్టు.

మావయ్యకు మతిమరుపు జబ్బు మొదలై, మెల్లిమెల్లిగా ముదిరింది. మొదట వస్తువులు మరిచిపోయారు, తర్వాత మనుషుల్ని. చెవులు బాగానే ఉన్నాయి, గిన్నె కిందపడితే ఉలిక్కిపడేవారు. కానీ పిలిస్తే పలికేవారు కాదు. మా ఆయన "నాన్నా" అంటే గోడవైపు చూసేవారు. నేను "మావయ్యా" అంటే అదీ లేదు. అత్తయ్య "ఏవండీ" అంటే అది ఎవరినో అన్నట్టు కూర్చునేవారు. చెబితే తినేవారు, చేయి పట్టుకుంటే నడిచేవారు. "ఏటే" మాత్రం పోయింది.

అత్తయ్య ఏడ్చే మనిషి కాదు. చపాతీలు వత్తుతూ ఒకరోజు ఉన్నట్టుండి అంది. "జబ్బు తగ్గదని డాక్టరు చెప్పీసేడు కదా, నేనేటీ ఆశ పెట్టుకోలేదు. ఒక్కసారి ఏటే అంటే చాలు. నేనని తెలిసి అనాల. అంతే."

నేను గిన్నెలు సర్దుతూ ఉండిపోయాను.

మావయ్యను చూపించే ఆస్పత్రి తిరుమలగిరిలోదే, మా పెట్టెలు పెట్టినదే. అంతకుముందు అక్కడ కౌంటరులో ఒకావిడ కూర్చునేది. మౌలాలి గుట్ట పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆవిడకు పేర్లతో పనిలేదు. వంతు రాగానే లేచి, "పెద్దాయనా, రా నాయ్నా, నీదే" అని చేయి ఊపేది. అందరూ ఆవిడకు పెద్దాయనలూ, అమ్మలూ, చెల్లెళ్ళే. పెట్టెలు వచ్చాక కౌంటరు తీసేసి ఆవిడకో నీలం కోటు తొడిగి, తెర వాడటం రానివాళ్ళకు సాయం చేయమని పక్కన నిలబెట్టారు. నన్ను చూస్తే చాలు చురక అంటించేది. "మీ మిషిన్లు వచ్చినంక నా కుర్చీ పాయె అక్కా, నిలవడుడు షురూ అయింది. మీ తెలుగు సుత అందరికీ నేనే చెప్పాల్నా?"

పెట్టెలు వచ్చాక మావయ్యను తీసుకుని మొదటిసారి వెళ్ళినప్పుడు తెర మీద ఆయన పేరు నేనే కొట్టాను. టోకెను తీసుకుని హాల్లో కూర్చున్నాం. అత్తయ్య ఆయన పక్కన కూర్చుని ఎప్పటిలా చొక్కా గుండీలు సరిచేస్తోంది. ఆయన ఎదుటి గోడనే చూస్తున్నారు. ఇంతలో పైనున్న స్పీకరులోంచి ఆ గొంతు ఆయన్ని ఇంటిపేరుతో సహా పూర్తి పేరుతో, చివర గారు చేర్చి, మూడో గదికి రమ్మని పిలిచింది.

మావయ్య లేచి నిలబడ్డారు.

ఎవరూ చేయి పట్టుకోలేదు, ఎవరూ లేపలేదు. కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా లేచి, చొక్కా కిందకి లాక్కుని, "వస్తన్నా సార్" అన్నారు. ఆ గొంతు ఎన్నాళ్ళకు విన్నాను. హాల్లో అందరూ మామూలుగా ఉన్నారు. వాళ్ళకేం తెలుసు, పేరు పిలిస్తే ఒక మనిషి లేచాడు. నేను రోజూ బన్నుల వాసనలో కూర్చుని వాక్యాలు పేర్చే ఆ పెట్టె, కన్నకొడుకు పిలిస్తే పలకని మనిషిని లేపి నిలబెట్టింది. దాన్ని చూసి దండం పెట్టిన పెద్దావిడ మీద ఇన్నాళ్ళు నేను జోకులు వేశాను గానీ ఆ క్షణంలో నాదగ్గర అరటిపండు ఉంటే నేనూ పెట్టేదాన్నే.

అత్తయ్య స్పీకరు వైపే చూస్తోంది. ఆవిడ ముఖంలో సంతోషం ఉంది, దానితోపాటే ఇంకేదో ఉంది. డాక్టరు గదిలోకి వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చిన్నగా అడిగింది. "ఏటే అమ్మా, అది పిలిస్తే లేచారు. మనం పిలిస్తే లేవరేటి?"

డాక్టరుకు చెబితే ఆయన ఆశ్చర్యపడలేదు. కొత్త పిలుపులు ముందు పోతాయనీ, చిన్నప్పటి నుంచీ విన్న సొంత పేరు ఒక్కోసారి చాలాకాలం నిలిచి ఉంటుందనీ చెప్పాడు. ఇంట్లో పేరు పెట్టి పిలిచి చూడమన్నాడు.

నేరేడ్‌మెట్ మీదుగా ఇంటికి బయల్దేరాం. అప్పుడు తట్టింది నాకు, ఆ ఇంట్లో మావయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరని. వాళ్ళమ్మా నాన్నా పోయారు. అన్నగారు పోయారు. తోటి ఉద్యోగులు ఎవరెక్కడున్నారో తెలియదు. నాన్న, మావయ్య, ఏవండీ. అందరం ఆయన్ని వరసలతోనే పిలుస్తున్నాం. పేరు పిలిచే నోరు ఒక్కటీ మిగల్లేదు, పెట్టెది తప్ప.

మా ఆయన ప్రయత్నించాడు. తండ్రి ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, మొదటి అక్షరం అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి చివర "గారు" తగిలించాడు. పోస్టుమాన్‌లా ఉంది. మావయ్య కదల్లేదు. "నావల్ల కాదు" అని లేచి వెళ్ళి పంపు కింద ముఖం కడుక్కున్నాడు. నావల్లా కాలేదు. కోడలు మావగారిని పేరు పెట్టి పిలవడమా, నాలుక మడత పడిపోయింది.

అప్పుడు నా ఉద్యోగపు తెలివి పనిచేసింది. పెట్టె గొంతుతో ఆయన పేరు పలికించి ఫోనులో పెట్టుకుని వచ్చాను. వరండాలో వినిపించాను. మావయ్య చటుక్కున లేచారు. "వస్తన్నా సార్" అన్నారు. అత్తయ్య చేతిలో పళ్ళెం పక్కన పెట్టి ఆశగా ముందుకు వచ్చింది. ఆయన ఆవిడ పక్కనుంచే వెళ్ళి తలుపు వెనక బూట్లు వెతకడం మొదలుపెట్టారు. బూట్లు లేవు. టిఫిను డబ్బా అడిగారు. బండి టైమయిపోతోందన్నారు. గేటు దాకా వెళ్ళిపోతే పట్టుకుని లోపలికి తేవడానికి ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది. ఆయన చాలాసేపు కంగారుగా తిరిగి, ఎందుకు తిరుగుతున్నారో మరిచిపోయి కూర్చున్నారు.

"తీసీ అమ్మా దాన్ని," అంది అత్తయ్య. "అది పిలిస్తే డ్యూటీకి వెళ్తన్నారు. నా దగ్గరికి రావట్లేదు."

ఫోనులోంచి చెరిపేశాను. ఆ తర్వాత కొన్నాళ్ళు అత్తయ్యను గమనిస్తూ వచ్చాను. ఆయనకు అన్నం కలిపి పెడుతూ మధ్యలో ఆగిపోయేది. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. ఒకసారి నేను చూశానని తెలిసి సిగ్గుపడింది.

"నోట్లోకి వస్తంది గానీ బయటికి రాదే. మా అమ్మ మాట అడ్డొస్తంది. పిలిచీగానే ఏటైనా అయితే? పలక్కపోయినా మనిషి ఉన్నారు కదా నాకు."

అవన్నీ నమ్మకాలత్తయ్యా అని తేలిగ్గా అనేయవచ్చు. అనలేదు. ఆవిడ జీవితమంతా ఆ పేరును దాచిపెట్టి ఆయనకు కాపలా కాసింది. ఇప్పుడు ఆ కాపలా వదిలేయమని చెప్పడానికి నేనెవరిని?

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో కొత్త పని వచ్చింది. రాయడం, చదవడం రానివాళ్ళ కోసం పెట్టెకు చెవులు పెడుతున్నారు. పేరు టైపు చేయక్కర్లేదు, నోటితో చెబితే చాలు. దానికి కావలసిన మాటలు రాసి, వంటింట్లో పైకి చదివి చూసుకునేదాన్ని. "రోగి పేరు చెప్పండి." "సరిగ్గా వినబడలేదు, కాస్త గట్టిగా చెప్పండి." అత్తయ్య కూర తరుగుతూ వినేది.

"దానికి పేరు చెప్తే ఏటి చేస్తాది?"

"రాసుకుంటుంది. టోకెను ఇస్తుంది."

"మనిషి కాదు కదా?"

"కాదత్తయ్యా. పెట్టె."

"పెట్టెకి చెప్తే పిలిచినట్టు కాదు మరి," అని, తరిగిన ముక్కలు నీళ్ళలో వేసి, "అంతేనా?" అంది. నాకు ఆవిడ ఏమడుగుతోందో అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. అంతే అన్నాను.

తర్వాత తిరుమలగిరి పెట్టెలకు చెవులు అమరాయి, మేము ఆస్పత్రికి వెళ్ళే రోజూ వచ్చింది. మావయ్య అప్పటికి ఎక్కువ నడవలేకపోతున్నారు. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, అత్తయ్యను అక్కడే ఉండమని, కారు పెట్టి వస్తానని వెళ్ళాను. అక్కడ కారు పెట్టడానికి చోటు దొరకడం ఒక యోగం. నేను తిరిగి వచ్చేసరికి అత్తయ్య గుమ్మం దగ్గర లేదు. అద్దం తలుపులోంచి చూస్తే, కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళి పెట్టె ముందు నిలబడి ఉంది.

గబగబా తలుపు తోశాను. నీలం కోటావిడ నా చేయి పట్టి ఆపింది. "ఆగు అక్కా. జెర ఆగు. నేను చేస్తా అంటే వద్దన్నది పెద్దమ్మ. తనే చెప్తదట."

పెట్టె అడుగుతోంది. "రోగి పేరు చెప్పండి."

గుమ్మం పక్కన నిలబడి పేరు చెప్పమంటోంది. ఎవరు రాశారనుకున్నారు ఆ మాట? నేనే. ఆ ఇంటి కోడల్ని, ఆడపడుచులు చేయాల్సిన పని తెలియకుండానే నేను చేశాను.

అత్తయ్య అటూ ఇటూ చూసింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నంది చెవిలో కోరిక చెప్పుకునేవాళ్ళలా పెట్టె మీదికి వంగి, ఏదో గొణిగింది.

"సరిగ్గా వినబడలేదు," అంది పెట్టె. "కాస్త గట్టిగా చెప్పండి."

అత్తయ్య నిటారుగా నిలబడింది. కొంగు తీసేసింది. వెనక కుర్చీలో మావయ్య తల వంచుకుని తన చేతుల్నే చూసుకుంటున్నారు. ఆవిడ ఒకసారి కళ్ళు మూసుకుని, తెరిచి, హాలంతా వినబడేలా ఆయన పేరు పలికింది. ఆ పేరు నేనిక్కడ రాయను. దాన్ని రాసే హక్కు నాది కాదు. కానీ ఆ గొంతు చెప్పగలను. పెట్టెకు చెబుతున్నట్టు లేదు. దూరంగా వెళ్ళిపోతున్న మనిషిని వీధి చివరి నుంచి వెనక్కి పిలిచినట్టుంది.

మావయ్య తల ఎత్తారు.

"ఏటే?" అన్నారు.

నా పక్కన నీలం కోటావిడ "అయ్యో దేవుడా" అని నా మోచేయి గట్టిగా పట్టుకుంది. అత్తయ్య వెంటనే వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాట పోతుందేమోనని భయపడ్డట్టుంది. ఆయనే మళ్ళీ అన్నారు, కొంచెం విసుగ్గా, వరండాలోంచి అన్నట్టే.

"ఇక్కడే ఉన్నాను కదేటే. ఎందుకలా కేకలేస్తావు?"

అప్పుడు తిరిగింది. కుర్చీ పక్కన కిందనే కూర్చుండిపోయింది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఆయన ఆవిడ ముఖం వైపే చూస్తున్నారు, గోడవైపు కాదు.

"ఏటీ లేదండి," అంది. "ఊరికే పిలిచేను."

"ఊఁ," అన్నారాయన.

తెర మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో వెలుగుతోంది. కింద "సరేనా?" అన్న ప్రశ్న, దాని కింద అవును, కాదు. అత్తయ్య ఆ వైపే చూడటం లేదు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు ఎందుకో ఒక్కరూ విసుక్కోలేదు. వెళ్ళి నొక్కాలని నాకూ తోచలేదు. ఆ ఇద్దర్నీ, వాళ్ళ మీద వెలుగు పడేలా నిలబడ్డ ఆ పెట్టెనూ చూస్తూ ఉండిపోయాను. ఎవరూ తాకకుండా కాసేపు గడిచింది.

అప్పుడు పెట్టె, నేను రాసిన, నేను ఇంకా మార్చని ఆ వాక్యాన్ని, పక్కింటావిడ పలకరించినంత మామూలుగా అడిగింది.

"మీరు ఇంకా ఉన్నారా?"

అత్తయ్య ఉలిక్కిపడి ఆయన ముఖంలోకి చూసింది. ఊపిరి తీస్తున్న ఆయన ఛాతీ మీద అరచేయి పెట్టి చూసింది. పేరు పలికింది, అయినా ఏమీ కాలేదు. కళ్ళు తుడుచుకోకుండానే పెట్టె వైపు తిరిగి, పెద్దవాళ్ళకు జవాబు చెప్పినంత వినయంగా చెప్పింది.

"ఉన్నారమ్మా. ఉన్నారు."